పదకొండు పన్నెండు పదమూడు

"మీకు సిగ్గు లేదా అండి?" అంది అవతలి గొంతు.

తిట్టుకి కూడా అండి తగిలించడం మన వైపు అలవాటే గాని, కాశీవిశ్వనాథాన్ని ఇంతవరకు ఎవరూ అలా అడిగిన పాపాన పోలేదు. ఆయన ఫోను చెవి నుంచి కాస్త దూరం జరిపి, వరండాలో కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"అమ్మాయీ, అది నా నంబరు. ఇరవై ఏళ్ళ నుంచి నాది."

"మీదైతే నా దగ్గరెందుకు మోగుతుంది? పొద్దున్నుంచి ముగ్గురు చేశారు. ఒకాయన ఒకటే ఏడుపు. ఇంకొకామె పాడె కట్టడానికి మనిషిని మీరే పంపుతారా అంటుంది. నాకేం తెలుసండి పాడె సంగతి? ఇంకోసారి చేశారంటే పోలీసు రిపోర్టు ఇస్తాను."

పెట్టేసింది. విశ్వనాథం తన పాత నంబరుకి కొత్త నంబరు నుంచి తనే చేసి చూసిన ఫోను అది. సొంత ఇంటి తలుపు తడితే ఎవరో తీసి, ఎవరు మీరని అడిగినట్టుంది.

రేపల్లె చుట్టుపక్కల అపరకర్మలు చేయించేది ఆయనే. అంటే మనిషి ప్రాణం పోయిన దగ్గర్నుంచి పదమూడో రోజు దాకా జరగవలసినవన్నీ. పెళ్ళిళ్ళు చేయించే పురోహితుణ్ణి జనం ఇంట్లోకి పిలిచి పీట వేస్తారు. ఈయన్ని అవసరం వచ్చినప్పుడు పరిగెత్తుకొచ్చి పిలుస్తారు, అవసరం తీరాక వీధిలో ఎదురైతే పక్క సందులోకి తిరుగుతారు. ఆయన నంబరు ఎవరూ ఫోనులో దాచుకోరు. చావు నంబరు జేబులో పెట్టుకు తిరిగితే చావే జేబులోకి వస్తుందని భయం. అయినా అది అందరి నోటా ఉంది. ఎందుకంటే ఆ నంబరు చివర పదకొండు, పన్నెండు, పదమూడు అని వరసగా వస్తుంది. కర్మ రోజుల వరస. ఒకసారి విన్నవాడు మర్చిపోదామన్నా మర్చిపోలేడు. ఆ ఆరంకెల మీదే ఈ ఇల్లు నడిచింది, కూతురు అపర్ణ చదువూ పెళ్ళీ అయ్యాయి.

"అంతా నీ వల్లే," అన్నాడు లోపలికి వినబడేలా.

లలిత గోంగూర వలుస్తోంది. "ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉండగా, పొద్దున్న లేస్తే చావు కబుర్లు మోగుతుంటే ఊరుకోమంటారా?"

"ఫోను అటక మీద పెట్టావు, సరే అన్నాను. అపర్ణ పుట్టింటికి వచ్చింది మొదలు, పాపతో తిరిగి చీరాల వెళ్ళేదాకా దించలేదు, దానికీ సరే అన్నాను. రీచార్జి మాత్రం వేయిస్తూ ఉండమన్నానా లేదా?"

లలిత ఆకులు తుంచి గిన్నెలో వేసింది, కాడలు చాటలో వేసింది. జవాబు మాత్రం చెప్పలేదు. ఆవిడ మాట్లాడకపోవడం ఒప్పుకోవడమేనని ఆయన అనుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన అలా అనుకున్న విషయాలు చాలా ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే సెంటర్లో రమేష్ బాబు సెల్ షాపుకి వెళ్ళాడు. రమేష్ బాబు అప్పుడే షట్టర్ ఎత్తి అగరొత్తి వెలిగిస్తున్నాడు. విశ్వనాథాన్ని చూసి అగ్గిపుల్ల ఆర్పేశాడు.

"బోణీ కాలేదండి," అన్నాడు, తల తిప్పకుండా. "కాసేపు ఆ టిఫిన్ బండి దగ్గరుండండి, పిలుస్తాను."

విశ్వనాథం వెళ్ళి టిఫిన్ బండి దగ్గర నిలబడ్డాడు. బండి వాడికీ బోణీ కాలేదు కాబోలు, వాడు ఇటు వీపు పెట్టి చట్నీ కలపడం మొదలుపెట్టాడు. విశ్వనాథానికి ఒళ్ళు మండింది. కిందటేడు ఈ రమేష్ బాబు తండ్రి పోతే తెల్లవారకుండా వెళ్ళి నిలబడింది తనే. అప్పుడు బోణీ గుర్తు రాలేదు.

ఎవరో కుర్రాడొచ్చి ఫోనుకి గ్లాసు అతికించుకుని వెళ్ళాక పిలుపొచ్చింది. రమేష్ బాబు కొత్త నంబరు వివరాలు, పాత నంబరు వివరాలు అన్నీ విని తల అడ్డంగా ఊపాడు.

"అది రాదండి ఇంక. రీచార్జి ఆగిపోయాక కొన్నాళ్ళు చూస్తారు. తొంభై రోజులు వాడకం లేకపోతే పీకేస్తారు. తర్వాత ఇంకొన్నాళ్ళు ఖాళీగా పడుకోబెట్టి, మళ్ళీ అమ్ముతారు. మీది ఫ్యాన్సీ నంబరు కదా, లటుక్కున పట్టుకెళ్ళుంటారు."

"నాది నాకు చెప్పకుండా ఎలా అమ్ముతారు?"

"మీది కాదుగా." రమేష్ బాబుకి ఇలాంటివి చెప్పడం సరదాలాగా ఉంది. "పది అంకెలూ గవర్నమెంటువేనండి. ముందు అంకెల్ని బట్టి ఈ కంపెనీకి, ఈ రాష్ట్రానికి అని లక్షల్లెక్కన పంచుద్ది. కంపెనీ మనకి వాడుకోమని ఇస్తది. అద్దింటి లాంటిది. అద్దె కట్టకపోతే సామాన్లు బయట పడేసి ఇంకోళ్ళని పెట్టుకుంటారు. అంతే."

"కనీసం రేపల్లెలో వాళ్ళకైనా ఇవ్వాలి కదా. ఊరి నంబరు."

"సెల్లుకి ఊరేంటండి?"

విశ్వనాథానికి ల్యాండులైను రోజులు గుర్తొచ్చాయి. అప్పుడు నంబరుకి ఊరుండేది. సున్నా ఎనభై ఆరు నలభై ఎనిమిది అంటే రేపల్లె. చివర నాలుగు వస్తే తెనాలి, మూడు వస్తే బాపట్ల. ఎవరు ఎక్కణ్ణుంచి ఏడుస్తున్నారో ముందే తెలిసేది. ఇప్పుడు రాష్ట్రంలో ఏ మూల మోగుతుందో దేవుడికెరుక.

రమేష్ బాబు ఆ నంబరు తన ఫోనులో కొట్టి తెర ఇటు తిప్పాడు. "నవ్య బ్రైడల్ మేకప్, బాపట్ల" అని పేరొచ్చింది. ఎవరెవరో ఆమె నంబరు దాచుకున్నారు కాబట్టి ఆ పేరు పడిందట. ఇరవై ఏళ్ళలో విశ్వనాథం పేరుతో ఆ నంబరు దాచుకున్నవాడు ఒక్కడూ లేడు.

"వెళ్ళి అడగండి," అన్నాడు రమేష్ బాబు. "ఇస్తే ఇస్తుంది, లేకపోతే తిడుతుంది. మరేం అనుకోకండి, రేపటి నుంచి కాస్త పొద్దెక్కాక రండి."

తెనాలి ప్యాసింజరులో కిటికీ పక్క సీటు దొరికింది. భట్టిప్రోలులో ఎక్కిన మనిషి ఒకడు ఎదురుగా కూర్చోబోయి, సగంలో ఆగి, కళ్ళు నులుముకున్నాడు. గుండు మీద జుట్టు అంగుళం కూడా పెరగలేదు. చెరుకుపల్లి దగ్గర పొలాలున్న కోటేశ్వరరావు. వాళ్ళ తాతగారి కర్మ విశ్వనాథమే చేయించాడు.

"మీరు పోయారన్నారండి," అన్నాడు కోటేశ్వరరావు.

"ఎవరన్నారు?"

"మీ నంబరే అందండి. మా పెదనాన్న పోతే ఫోన్ చేశాం. ఒకమ్మాయి ఎత్తింది. అయ్యగారు పోయారు, ఇంక ఈ నంబరుకి చేయకండి అంది. మీ ఇంట్లో అమ్మాయే అనుకుని మేమూ అయ్యో అనుకున్నాం."

రైలు కదిలింది. చచ్చిపోయినవాడి ఎదురుగా కూర్చోవడం బాగోదనుకున్నాడో ఏమో, కోటేశ్వరరావు కాస్త పక్కకి జరిగాడు. కాని కడుపులో ఉన్న కోపం ఆగలేదు.

"అంతటితో ఊరుకుందా అండి? మా పెదనాన్నకి కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. దాయాదిని నేను చేయాలి కదా. గుండు చేయించుకుని కూర్చున్నాను. ఆ కూతురే, మా అక్క, మళ్ళీ ఆ నంబరుకి చేసి, కూతురు చేయొచ్చా అమ్మా, అయ్యగారుంటే ఏమనేవారు అని అడిగింది. చేసుకోండి, ఎవరైతే ఏంటి, మీ నాన్నే కదా అందంట. ఇంక మా అక్క వింటుందా? కాశీవిశ్వనాథం గారి ఇంటి నుంచే చెప్పారంది. తెనాలి నుంచి ఎవర్నో తెచ్చి తనే చేసేసింది. నా గుండు గుండులాగే ఉండిపోయింది."

తను ఉండగానే తన పేరు మీద ఎవరో బొట్టుబిళ్ళలు అతికించే పిల్ల తీర్పులు చెబుతోంది. ఎవరు నిప్పు పెట్టాలో, ఎవరు పెట్టకూడదో ముప్పై ఏళ్ళుగా తను గీసిన గీత అది. తన మాట విన్నారని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. వాళ్ళు విన్నది నంబరు మాట. దాన్ని ఎవరు ఎత్తినా వినేవాళ్ళే.

తెనాలిలో దిగి, బాపట్ల బండి కోసం రెండో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ అమ్మాయితో ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాడు. బండి వచ్చేసరికి మర్యాదగా ఉన్న మాటలన్నీ అయిపోయాయి.

సూర్యలంక రోడ్డులో మందుల షాపు మీద మేడ గది. మెట్ల పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద వడ్డాణం పెట్టుకున్న పెళ్ళికూతురు, ఆ పెళ్ళికూతురి కాళ్ళ దగ్గర ఆయన నంబరు. ఇంత పెద్ద అక్షరాల్లో ఆయన తన నంబరుని ఎప్పుడూ చూసుకోలేదు. రేపల్లె శ్మశానం గోడ మీద కూడా బొగ్గుతో చిన్నగా రాసి ఉండేది.

నవ్య పళ్ళ మధ్య దారం కొస పట్టుకుని, రెండు చేతుల మధ్య కత్తెరలా ఆడిస్తూ ఒకామె కనుబొమలు తీస్తోంది. పాతికేళ్ళుంటాయి. తల ఎత్తి, నుదుట విభూతి చూసి, భుజాన సంచి చూసి, దారం వదిలేసింది.

"మీరేనా?"

"నేనే. చచ్చిపోయినవాణ్ణి."

కుర్చీలో ఉన్నామె ఒక కనుబొమ తీయించుకుని, ఇంకొకటి మిగిలి ఉండగానే లేచి కూర్చుంది. నవ్య ఆమె భుజం నొక్కి మళ్ళీ పడుకోబెట్టింది.

"బయట నిలబడండి. పనిలో ఉన్నాను."

"నిలబడను. పొద్దున్నుంచి నిలబడుతూనే ఉన్నాను. నేను పోయానని చెప్పడానికి నువ్వెవరు?"

"ఏం చెప్పమంటారండి మరి?" నవ్య దారం తెంపేసింది. "రాంగ్ నంబర్ అంటే మళ్ళీ చేస్తారు. నంబర్ మారింది అంటే కొత్తది చెప్పమని ప్రాణం తీస్తారు. పోయారు అంటే ఇంక చేయరు. ఒక్క ముక్కతో ఫోన్ పెట్టేస్తారు. మీకేం పోయింది?"

"నా పొట్ట పోయింది."

"నాది పోలేదా? ఎక్స్‌ట్రా కట్టి కొనుక్కున్నానండి ఈ నంబరు. పదకొండు పన్నెండు పదమూడు, భలే గుర్తుంటుందన్నాడు అమ్మినవాడు. అందరికీ గుర్తే ఉంది. మొన్న నిజాంపట్నం నుంచి ఒక పెళ్ళికూతురు వాళ్ళు వచ్చారు. అన్నీ మాట్లాడుకున్నాక కార్డు ఇచ్చాను. వాళ్ళ నాయనమ్మ ఆ నంబరు చూసి కార్డు కింద పడేసింది. ఇది చావు నంబరే పిల్లా, పద పద అని పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టుకు లాక్కుపోయింది. ఇప్పటికి ముగ్గురు అలా పోయారు. మీ నంబరుకి పట్టిన శనేంటో నాకు పట్టింది."

"అయితే వదిలేయి."

"వదిలేస్తే మీకొస్తుందా? మళ్ళీ కంపెనీ దగ్గరికే పోతుంది, అక్కణ్ణుంచి ఎవడికిస్తారో ఎవరికి తెలుసు. ఆ మాత్రం నాకూ తెలుసు." నవ్య ఫోను చేతిలోకి తీసుకుంది. "మార్పించుకుంటారా? మీ పేరు మీదికి? నాకీ దరిద్రం వదిలితే చాలు. పదండి, ఇప్పుడే వెళ్దాం."

"అది సరే. కూతురు తలకొరివి పెట్టొచ్చని చెప్పింది కూడా నువ్వేనా?"

"పెట్టకూడదా?"

"ఆ చెప్పేదేదో నేను చెప్పాలి."

"మీరుంటే చెప్పేవాళ్ళు కదండీ," అంది నవ్య, ఇందాకటి దారం ముక్క చెత్తబుట్టలో వేస్తూ. "ఆమె ఏడుస్తూ అడిగింది. నాకు తోచింది చెప్పాను."

కుర్చీలో ఉన్నామె రెండో కనుబొమ తీయించుకునేదాకా ఆగి, ఇద్దరూ ఒకే ఆటోలో, మాటామంతీ లేకుండా, చెరో అంచున కూర్చుని కంపెనీ షోరూముకి వెళ్ళారు. అక్కడ ఏసీ ఉంది, సోఫా ఉంది, టోకెన్ మిషను ఉంది. కౌంటర్లో అమ్మాయి పేరు కరుణశ్రీ అని చొక్కా మీద బిళ్ళ ఉంది. ఆమె ఇద్దరి మాటా వింటూనే ఇంకేదో టైపు చేసుకుంటోంది.

"ఆయన మీకేమవుతారు మేడమ్?"

"ఏమీ కారు," అంది నవ్య.

"అయితే కుదరదు. రక్తసంబంధం ఉండాలి. తండ్రి, తల్లి, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ప్రూఫ్ కావాలి."

"నాకిష్టమై ఇస్తున్నానండి. సంతకం పెడతాను."

"మీకిష్టమైనా సరే. బయటివాళ్ళకి మార్చం. నెక్స్ట్ టోకెన్."

విశ్వనాథం కౌంటరు మీదికి వంగాడు. "చూడమ్మా, ఇరవై ఏళ్ళు నేను వాడినది. అమ్మాయికి అక్కర్లేదు. నాకు కావాలి. మధ్యలో రక్తం ఎందుకు?"

"రూల్ సార్. నేను పెట్టింది కాదు."

అది ఆయన మాటే. ఎన్ని వరండాల్లో, ఎన్ని శవాల పక్కన ఆ మాట అచ్చం అలాగే, అంత విసుగ్గానూ తను అని ఉంటాడు. పెంచుకున్న కొడుకులతో అన్నాడు, అల్లుళ్ళతో అన్నాడు, ఆడపిల్లలతో అన్నాడు. శాస్త్రమమ్మా, నేను పెట్టింది కాదు. ఆయనకి చెంప మీద కొట్టినట్టయింది.

బయటికి వచ్చి మెట్ల మీద నిలబడ్డారు. ఎండ మాడ్చేస్తోంది. నవ్య ఫోను తీసి కాసేపు ఏదో వెతికింది.

"ఒకటి చేస్తాను," అంది. "నేను పనికి ఇంకో సిమ్ము తీసుకుంటాను. దీన్ని పారేయలేను, బ్యాంకుకి ఇచ్చేశాను, ఓటీపీలు దీనికే వస్తాయి. మెసేజీలు నాకు వస్తే చాలు. కాల్స్ మొత్తం మీ కొత్త నంబరుకి మళ్ళిస్తాను. రీచార్జి మీరు వేయించుకోండి. కాని నా పెళ్ళిళ్ళ వాళ్ళెవరైనా చేస్తే నా కొత్త నంబరు చెప్పాలి. తిన్నగా చెప్పాలి. ఫోను ఎత్తగానే ఎవరు పోయారని అడిగారో, ఆ మరుక్షణం తీసేస్తాను."

విశ్వనాథం దానికి ఒప్పుకున్నాడు. నవ్య సెట్టింగుల్లోకి వెళ్ళి ఆయన నంబరు కొట్టింది. ఎవరూ ఎవరికీ థాంక్స్ చెప్పుకోలేదు. ఆవిడ ఆటో ఎక్కి వెళ్ళిపోయింది, ఆయన్ని ఎక్కమనలేదు.

తిరుగు రైలు తెనాలి దాటి వేమూరు రాకముందే ఫోను మోగింది. ఆయన గొంతు సవరించుకుని, చుట్టూ చూసి, "ఎవరండీ పోయింది?" అన్నాడు. నోరు ఆ మాట దానంతటది అనేసింది.

అవతల ఒక తల్లి, "అయ్యో, మేకప్ వాళ్ళు కాదా అండి? మా అమ్మాయికి రిసెప్షన్..." అని నసిగి పెట్టేసింది. ఆ తల్లి నవ్యకి మెసేజీ పెట్టింది కాబోలు, అయిదు నిమిషాల్లో నవ్య ఫోన్ చేసింది. వేమూరు నుంచి భట్టిప్రోలు దాకా తిట్టింది. విశ్వనాథం జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పకుండా అంతా విన్నాడు. ఆఖర్న, "ఇదే ఆఖరు," అని పెట్టేసింది. మళ్ళించింది మాత్రం తీయలేదు.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. కాళ్ళు కడుక్కుంటూనే చెప్పాడు.

"దొరికింది. పూర్తిగా కాదు, కాని కాల్స్ నాకే వస్తాయి. ఇంక బెంగ లేదు."

లలిత చెంబు అందుకోలేదు. ఆయనే గట్టు మీద పెట్టాడు.

"రీచార్జి నేను కావాలనే వేయించలేదు," అంది ఆవిడ.

"మర్చిపోయావు. అయిపోయింది, ఇప్పుడదంతా ఎందుకు."

"మర్చిపోలేదు. రమేష్ బాబు గుర్తు చేశాడు కూడా. వేయించకపోతే నంబరు పోద్దమ్మగారూ అన్నాడు. పోతుందనే వేయించలేదు."

విశ్వనాథం తడి కాళ్ళతో అలాగే నిలబడ్డాడు. లలిత గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి తేలికగా ఉండేది, ఎదురు అరిచేవాడు.

"ఈ వీధిలోకి వచ్చి ఎన్నేళ్ళయిందండి? ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు నన్ను పేరంటానికి పిలిచారా? పాలబ్బాయి కూడా గుమ్మం అవతల నుంచే పోస్తాడు. వాళ్ళకి నా మీద కోపం లేదు. ఎప్పుడు మోగుతుందో, ఎవరి కబురు మోస్తుందో అని ఆ ఫోనంటే భయం. అది అటకెక్కాక చూశాను. అపర్ణ శ్రీమంతానికి ఎవరూ రారేమోననుకున్నాను. వచ్చారు. పక్కింటి గంగాదేవి గారు వచ్చి, అపర్ణ చేతికి గాజులు తనే తొడిగింది. పాప ఏడిస్తే గోడ మీంచి చేతులు చాపి తీసుకుంది. ఇంట్లో కూర్చుని మజ్జిగ తాగింది. మన ఇంట్లో గ్లాసుతో."

"మజ్జిగ తాగితే నీ కడుపు నిండుతుందా?"

"నిండింది."

"మరి నా సంగతి? నన్ను అడుక్కుతినమంటావా?"

"ఇన్నాళ్ళూ ఏం తిన్నాం? సత్రంలో సంధ్యావందనం చెప్పారు. వచ్చి పిలిచినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు. తక్కువే తిన్నాం, కాని బతికే ఉన్నాంగా."

"నా చేతులు నరికావు నువ్వు," అన్నాడు విశ్వనాథం. "ఇంట్లో ఉండి, నా అన్నం వండిపెడుతూ."

"వండాను. ఇప్పుడూ వండాను. తినండి."

ఆయన తినలేదు. ఆవిడ బతిమాలలేదు. కంచంలో అన్నం మీద గిన్నె బోర్లించి వెళ్ళి పడుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా విశ్వనాథం ఫోను కుర్చీ చేతి మీద పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. అది మోగితే ఆవిడకి బుద్ధి వస్తుందని ఒక పక్క కసిగా ఉంది. అది మోగలేదు. లలిత వచ్చి ఆయన కాళ్ళ పక్క నుంచి వరండా తుడుచుకుంటూ పోయింది, కాళ్ళు తీయమని కూడా అనలేదు.

పొద్దు వాలుతుండగా గేటు చప్పుడైంది. పక్కింటి గంగాదేవి. ధాన్యం వ్యాపారం వాళ్ళ ఇల్లాలు. జరీ అంచు చీర కట్టుకుని, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కనకాంబరాల దండ, కుంకుమ భరిణె. విశ్వనాథాన్ని చూసి కొంచెం తడబడింది గాని, మెట్లెక్కింది.

"వదినగారున్నారా అండి? ఎల్లుండి మా కోడలికి శ్రీమంతం. పిలుద్దామని."

లలిత లోపల్నుంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. పళ్ళెం చూసింది. గబగబా చాప తెచ్చి పరిచి, దాని మీద కూర్చుని, పమిట భుజం నిండా కప్పుకుంది. మన ఊళ్ళల్లో నోటితో పిలిస్తే పిలిచినట్టు కాదు. నుదుట బొట్టు పెట్టాలి, అప్పుడే అది పిలుపు. ఆ బొట్టు కోసం లలిత మొహం పైకెత్తింది. ఆ మొహంలో ఏమాత్రం దాపరికం లేని సంతోషం ఉంది. విశ్వనాథం అది చూసి చూపు తిప్పుకోలేకపోయాడు.

గంగాదేవి ఎదురుగా కూర్చుని భరిణె మూత తీసింది. ఉంగరపు వేలితో కుంకుమ అద్దుకుంది.

ఫోను మోగింది.

చెయ్యి దానంతటది వెళ్ళింది. ఏడుస్తున్నవాళ్ళకి సరిగ్గా వినపడదని, ఫోనులో గట్టిగా మాట్లాడటం ఆయనకి అలవాటు.

"కాశీవిశ్వనాథాన్నండి. ఎవరండీ పోయింది?"

గంగాదేవి వేలు గాలిలో ఆగిపోయింది. లలిత నుదుటికీ దానికీ మధ్య బెత్తెడు దూరం ఉంది. ఆ వేలు ముందుకి రాలేదు. కాసేపటికి వెనక్కి వెళ్ళి, భరిణె అంచుకి కుంకుమ తుడుచుకుంది. మూత పడింది.

"పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయాను వదినగారూ," అంది గంగాదేవి, లేస్తూ. "మళ్ళీ వస్తాను."

దండ కూడా పళ్ళెంలోనే ఉండిపోయింది. ఆవిడ మెట్లు దిగుతోంది. లలిత మొహం ఇంకా పైకెత్తే ఉంది, దించడం మర్చిపోయినట్టు.

ఇన్నేళ్ళుగా ఫోను మోగగానే విశ్వనాథం పెరట్లోకి వెళ్ళి మాట్లాడేవాడు, లేదా సంచి తీసుకుని బయల్దేరేవాడు. తన వెనక ఇంట్లో ఏం జరిగేదో ఒక్కసారీ చూసింది లేదు. ఇవాళ చూశాడు. ఇలాంటివి ఎన్ని జరిగాయో, ఎంతమంది పాలు పొయ్యి మీద పొంగాయో ఆవిడ ఒక్కతికే తెలుసు.

"వింటున్నారా అండి? మా నాన్నగారండి," అంటోంది ఫోనులో ఎవరిదో గొంతు.

"రాంగ్ నంబరండి," అన్నాడు విశ్వనాథం. చిన్నగా అన్నాడు. గంగాదేవి అప్పటికే గేటు వేసి వెళ్ళిపోయింది, ఆవిడకి వినపడలేదు. ఆయన ఫోను పెట్టేశాడు.

వెంటనే మళ్ళీ మోగింది. కంఠతా వచ్చిన నంబరు కొట్టినవాళ్ళు తప్పు కొట్టామని ఎందుకు అనుకుంటారు. విశ్వనాథం ఎత్తలేదు. అలాగని ఆపలేదు. చేతిలో పట్టుకుని కూర్చున్నాడు, అది మోగుతూనే ఉంది.

లలిత లేచింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ ఎన్నడూ ఆయన పని మీద వచ్చిన ఫోను ఎత్తలేదు. దగ్గరికి వచ్చి ఆయన చేతిలోంచి తీసుకుంది.

"చెప్పండి... రాంగ్ నంబరు కాదండి. ఆయన నంబరే." ఆవిడ గొంతు మామూలుగా ఉంది. "ఇంట్లోనే ఉన్నారు. ఏ ఊరండి?... సరే. ఎన్నింటికి తీస్తున్నారు?... ఏడవకండి. వస్తున్నారు."

ఫోను ఆయన ఒళ్ళో పడేసి, చాప చుట్టి చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.